చిన్నప్పుడు లండన్లో చూసిన కంచు విగ్రహం, కింద ముగ్గురు ఆడపిల్లలు కూర్చుని ఉంటారు, అది ఎవరిదో తెలుసా?

గోరింటాకు:

అందరికీ నమస్తే అండి. ఎన్నో ఏళ్లుగా మనసులో తిరుగుతున్న విషయం ఇది, ఎవర్ని అడగాలో తెలీక ఇక్కడ పెడుతున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

మా నాన్నగారు డాక్టర్. ట్రైనింగ్ మీద 1991 నుంచి 94 దాకా మేం లండన్లో ఉన్నాం, తూర్పు వైపు, ఇల్‌ఫర్డ్‌కి దగ్గర్లో. వెళ్లినప్పుడు నాకు ఆరేళ్లు, వచ్చేసేటప్పటికి తొమ్మిది. అమ్మ కూడా పనికెళ్లేది కాబట్టి స్కూల్ అయ్యాక సాయంత్రం దాకా పక్కింటి పెద్దావిడ దగ్గర ఉండేదాన్ని. ఇంగ్లీషావిడే, అప్పటికే ఎనభై దాటాయి, ఒక్కతే ఉండేది. మా ఇంట్లో అందరం ఆవిణ్ణి మామ్మ అనేవాళ్లం, రెండు నెలలకే ఆవిడ కూడా ఆ పిలుపుకి పలకడం మొదలెట్టింది. వేళ్ల కణుపులు లావుగా, ఎర్రగా ఉండేవి మామ్మకి. దిండు గలీబులు మడత పెట్టడం నాకు ఆవిడే నేర్పింది. మూలకి మూల కలిపి, బొటనవేలితో అంచు పొడుగూతా ఒక్క గీతలా నొక్కుకుంటూ వెళ్లి, సగానికి మడిచి, మళ్లీ నొక్కి, చివరికి అన్నీ ఒకే సైజులో ఒకదాని మీద ఒకటి పెడితే ఇస్త్రీ చేసినట్టే ఉండేవి. ఒక్క మూల తేడా వచ్చినా విప్పేసి మళ్లీ మొదట్నుంచి. ఇప్పటికీ నేను అలాగే మడతేస్తా.

ఎప్పుడైనా సెలవు రోజు ఎండ కాస్తే నన్నో చోటికి తీసుకెళ్లేది. పెద్ద పచ్చిక మైదానం, పెద్ద పెద్ద చెట్లు, చుట్టూ బొమ్మరిల్లులా ఏటవాలు కప్పులున్న ఇళ్లు, గడియారం ఉన్న ఒక భవనం. అక్కడ ఉండేది ఆ విగ్రహం. రాతి దిమ్మె, పైన ఒక స్త్రీమూర్తి, ఆవిడ చేతుల్లో పిల్లలు. కింద ముగ్గురు ఆడపిల్లలు కూర్చుని ఉంటారు, నాకంటే కాస్త పెద్దవాళ్లేమో అనిపించేది. రాతి మీద గుండ్రంగా ఒక మగమనిషి మొహం. నాకు ఆ మొహం అస్సలు పట్టేది కాదు, పైనున్న ఆవిడే అందరికీ అమ్మ అనుకునేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ మామ్మ ఆ కూర్చున్న పిల్లల పాదాల దగ్గర పువ్వు పెట్టేది, మా అమ్మ దేవుడి దగ్గర పెట్టినట్టే.

రెండు విషయాలు నాకు అప్పుడూ అర్థం కాలేదు ఇప్పుడూ కాలేదు. ఒకటి, అక్కడున్న ఇళ్లలో ఒకదాన్ని చూపించి "అది మా ఇల్లు" అనేది. అంత పెద్ద ఇల్లు ఉండగా మామ్మ ఈ చిన్న ఇంట్లో ఎందుకుంటోందో అని జాలిపడేదాన్ని. రెండోది, విగ్రహం ముందు నిలబడి "డాక్టర్ ఇక్కడే ఉన్నాడు" అనేది. నేను చుట్టూ చూసేదాన్ని, ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఒకసారైతే నాన్న వచ్చాడేమో అనుకుని గేటు దాకా పరిగెత్తా.

ఇండియా వచ్చేశాక రెండేళ్లు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగిపోయాయి. అమ్మకి ఇవేవీ అంతగా గుర్తులేవు. ఆ చోటు పేరు కూడా నాకు తెలీదు. ఎవరిదా విగ్రహం? అసలు నిజంగా ఉందా, లేక రెండు మూడు కలిపి నేనే అల్లుకున్నానా?


పచ్చిమిర్చి:

లండన్, పిల్లలు, కంచు విగ్రహం అంటున్నారు కాబట్టి కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో పీటర్ పాన్ విగ్రహం అయ్యుంటుందండి. దాని కింద కూడా చిన్న చిన్న బొమ్మలు బోల్డు ఉంటాయి. మేం టూర్ వెళ్లినప్పుడు చూశాం.


సెంట్రల్‌లైన్ బాబాయ్:

పీటర్ పాన్ కాదు గానీ పచ్చిమిర్చి గారు మరీ దూరం పోలేదు, ఎందుకో చివర్లో చెప్తా.

గోరింటాకు గారూ, మీరు ఏదీ అల్లుకోలేదమ్మా. ఆ విగ్రహం ఉంది, అలాగే ఉంది. మా ఇంటి నుంచి నడిస్తే ఇరవై నిమిషాలు. ఆ చోటు పేరు బార్కింగ్‌సైడ్, టాన్నర్స్ లేన్ పక్కన. రాతి మీద గుండ్రంగా ఉన్న మొహం డాక్టర్ థామస్ బర్నార్డోది. ఈ దేశంలో బర్నార్డోస్ పేరు వినని వాళ్లుండరు, ప్రతి ఊళ్లో వాళ్ల షాపు ఒకటి కనిపిస్తుంది, పాత బట్టలు పుస్తకాలు అమ్మి ఆ డబ్బు పిల్లల కోసం వాడతారు.

ఆయనది ఐర్లాండ్, 1845లో డబ్లిన్‌లో పుట్టాడు. 1866లో లండన్ వచ్చింది అసలు ఇక్కడ ఉండడానికి కాదు, డాక్టరు చదువు చదివి చైనా వెళ్లి మతప్రచారం చేద్దామని. వచ్చిన ఏడాదే ఈస్ట్ ఎండ్‌లో కలరా విరుచుకుపడింది, వేలల్లో పోయారు, పెద్దవాళ్లు పోయిన ఇళ్లలో పిల్లలు రోడ్డున పడ్డారు. మరుసటేడు చిరిగిన బట్టలతో వచ్చే పిల్లల కోసం ఒక ఉచిత బడి పెట్టాడు. ఒక రాత్రి బడి అయిపోయాక జిమ్ జార్విస్ అనే కుర్రాడు ఇంటికెళ్లకుండా కూర్చున్నాడట, వెళ్లమంటే ఇల్లు లేదన్నాడట, నీలాంటి వాళ్లు ఇంకా ఉన్నారా అనడిగితే తీసుకెళ్లి ఇళ్ల కప్పుల మీద చలిలో ముడుచుకుని పడుకున్న పిల్లల్ని చూపించాడట. ఇది బర్నార్డో తనే చెప్పుకున్న కథ. మొత్తానికి చైనా ప్రయాణం ఆగిపోయింది, 1870లో స్టెప్నీలో మగపిల్లల హోమ్ మొదలైంది.

అక్కడ జరిగిన ఒక సంగతి నేను ఎప్పుడు తలుచుకున్నా కడుపులో దేవినట్టవుతుంది. పదకొండేళ్ల కుర్రాడు, ఎర్రజుట్టు కాబట్టి అందరూ క్యారెట్స్ అనేవాళ్లట. ఒక రాత్రి హోమ్‌కొచ్చి చోటడిగాడు. మంచాలన్నీ నిండిపోయాయి, ఇంకోసారి రమ్మన్నారు. రెండ్రోజుల తర్వాత చలికి, ఆకలికి చచ్చిపడున్నాడు. ఆ తర్వాతే హోమ్ గుమ్మం మీద బోర్డు పెట్టించాడు, దిక్కులేని బిడ్డ ఎవరొచ్చినా ఎప్పటికీ కాదనం అని. అప్పట్నుంచి రాత్రిపూట కూడా తలుపు మూసేవాళ్లు కాదట.

ఇక మీ మామ్మగారి ఇల్లు. 1873లో బర్నార్డోకి పెళ్లైంది, పెళ్లి కానుకగా బార్కింగ్‌సైడ్‌లో ఒక పాత బంగళా లీజు దొరికింది, మొగుడూ పెళ్లాం దాన్ని ఆడపిల్లల హోమ్‌గా మార్చేశారు. ముందు అందర్నీ ఒకేచోట పడుకోబెట్టే పద్ధతి పెట్టారు, అది కుదరలేదు. పిల్లలకి కావాల్సింది పెద్ద హాలు కాదు ఇల్లు అనిపించి ఏకంగా ఒక ఊరే కట్టించాడు, 1876లో తెరిచారు. మైదానం చుట్టూ చిన్న చిన్న ఇళ్లు, ఒక్కో ఇంట్లో పదిహేను ఇరవై మంది ఆడపిల్లలు, వాళ్లని చూసుకోవడానికి ఒకావిడ, ఆవిణ్ణి అందరూ మదర్ అనే పిలవాలి. తర్వాత్తర్వాత అరవై పైన ఇళ్లు, వాళ్లకే సొంత బడి, ఆసుపత్రి, చర్చి. మీరు చూసిన గడియారం భవనం కెయిర్న్స్ అనే ప్రభువు పేరు మీద కట్టింది. మీ మామ్మగారు "మా ఇల్లు" అన్నది వాటిలో ఒకటి అయ్యుంటుంది. ఆవిడ అందులో పెరిగిన పిల్ల.

ఆ గలీబుల మడత కూడా అక్కడిదే అనుకుంటున్నా. ఆడపిల్లలకి బట్టలుతకడం, ఇస్త్రీ, కుట్టుపని, వంట నేర్పేవాళ్లు, పెద్దయ్యాక ఇళ్లల్లో పనికి పంపడానికి. పెద్ద లాండ్రీయే ఉండేది.

"డాక్టర్ ఇక్కడే ఉన్నాడు" అన్నది అక్షరాలా నిజం. బర్నార్డో 1905లో పోయాడు, దహనం చేశారు, అస్థికలు అక్కడే పెట్టారు, ఆ విగ్రహం ఉన్న చోటే. అప్పటికి సంస్థ కింద 96 హోములు, ఎనిమిదిన్నర వేల మంది పిల్లలు. విగ్రహం 1908లో వచ్చింది. పైనున్న స్త్రీమూర్తి ఏ ఒక్క మనిషీ కాదు, దయకి రూపం అన్నమాట. చెక్కింది జార్జ్ ఫ్రాంప్టన్, నాలుగేళ్ల తర్వాత 1912లో కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో పీటర్ పాన్‌ని నిలబెట్టింది కూడా ఆయనే. అందుకే పచ్చిమిర్చి గారు దూరం పోలేదన్నా.


గోరింటాకు:

బాబాయ్ గారూ, ఆఫీసులో కూర్చుని చదివా, ఏడుపాగలేదు, వాష్‌రూంకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చా. ముప్పై ఏళ్లు. మామ్మ అనాథ అని మాకెవ్వరికీ తెలీదు, ఒక్కసారి కూడా అలా చెప్పలేదు. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అందుకే క్రిస్మస్‌కి ఎవరూ వచ్చేవాళ్లు కాదు" అన్నారు.


పాతకాగితం:

సంతోషంగా ఉన్న చోట ఇంకో మాట చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి, కానీ సగం చెప్పి వదిలేస్తే ఆ పిల్లలకి అన్యాయం అవుతుంది అనిపించి రాస్తున్నా.

బర్నార్డో చేసిన మంచి పెద్దది, దాంట్లో నాకే సందేహం లేదు. కానీ ఆయన పద్ధతుల మీద ఆయన బతికుండగానే గొడవలు జరిగాయి. 1874 నుంచి హోమ్‌లోనే ఫోటో స్టూడియో పెట్టించి చేరిన ప్రతి పిల్లనీ పిల్లాడినీ ఫోటో తీయించేవాడు. వచ్చినప్పుడు చిరుగు బట్టల్లో ఒకటి, తర్వాత శుభ్రంగా పనిలో ఉన్నట్టు ఒకటి, రెండూ కలిపి కార్డులుగా అమ్మి చందాలు పోగుచేసేవాళ్లు. తేలిందేంటంటే కొన్నిసార్లు రెండు ఫోటోలూ ఒకేరోజు తీసినవి, బట్టలు కావాలనే ఇంకాస్త చింపి తీసినవి కూడా ఉన్నాయి. 1877లో మధ్యవర్తులు విచారణ చేశారు. చాలా ఆరోపణలు నిలబడలేదు, పిల్లల్ని బాగానే చూసుకుంటున్నారు అన్నారు, కానీ ఆ ఫోటోల విషయంలో మాత్రం తప్పుపట్టారు, ఆయన ఆపేశాడు. డాక్టర్ అని పిలిపించుకోవడం మీద కూడా అప్పుడే రచ్చ అయింది, అర్హత పరీక్ష ఎడిన్‌బరోలో 1876లోగానీ పాసవ్వలేదు, అంతకు ముందునుంచే డాక్టర్ అనే రాసుకుంటున్నాడు.

ఇదంతా కూడా నేను పక్కన పెట్టగలను. పెట్టలేనిది ఒకటుంది. హోమ్‌లో ఉన్న పిల్లలందరూ తల్లీతండ్రీ లేనివాళ్లు కాదు. చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు, పేదరికం వల్ల తెచ్చి అప్పగించారు. ఇంట్లో ప్రమాదం ఉందని తనకి అనిపిస్తే కన్నవాళ్ల ఒప్పుకోలు లేకుండానే పిల్లల్ని ఉంచేసుకునేవాడు, పుణ్యం కోసం ఎత్తుకురావడం అని తనే ఒప్పుకున్నాడు కూడా. తల్లులు కోర్టుకెక్కిన కేసులున్నాయి. 1882 నుంచి ఓడల్లో కెనడాకి పంపడం మొదలైంది. బర్నార్డో సంస్థ ఒక్కటే దగ్గర దగ్గర 30,000 మందిని పంపింది. అక్కడ పొలాల్లో మగపిల్లలు, ఇళ్లల్లో ఆడపిల్లలు పని చేయాలి. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని విడదీసి పంపిన సందర్భాలు ఎన్నో.

విగ్రహం మీద ఆయన మొహం చిన్నగా, పిల్లలు పెద్దగా ఉండడం నాకు చాలా నచ్చే విషయం. అందుకే పిల్లల వైపు నుంచి కూడా చెప్పాలనిపించింది.


మేపుల్ ఆకు:

పాతకాగితం గారు చెప్పిన కెనడా సంగతి నేను కొంచెం చెప్పగలను, మేం ఒంటారియోలో పీటర్‌బరోకి దగ్గర్లో ఉంటాం. బర్నార్డో ఆడపిల్లలు ముందు దిగేది ఇక్కడికే. 1880ల్లో హేజల్‌బ్రే అనే పెద్ద ఇల్లు వాళ్లకి విరాళంగా దొరికింది, బార్కింగ్‌సైడ్ నుంచి ఓడెక్కిన పిల్లలు ముందు ఇక్కడికి చేరేవాళ్లు, కొద్దిరోజుల్లోనే రైలెక్కించి ఒక్కొక్కర్నీ ఒక్కో ఇంటికి పంపేసేవాళ్లు. ఒక్కో పిల్లకి ఒక ట్రంకు పెట్టె ఇచ్చేవాళ్లు, బట్టలు, బూట్లు, బైబిలు అందులో సర్ది. ఇక్కడ పాత ఇళ్ల అటకల మీద ఆ పెట్టెలు ఇప్పటికీ దొరుకుతుంటాయి. నేను ఒకటి మ్యూజియంలో చూశా, మన చిన్నప్పుడు హాస్టల్‌కి తీసుకెళ్లే ట్రంకు పెట్టె అంతే ఉంది. పదేళ్ల పిల్ల జీవితం మొత్తం అందులో పట్టేసింది.

అందరికీ చెడే జరిగిందని నేను అనను. కొందర్ని కూతుళ్లలా చూసుకున్నారు. కానీ చాలామంది పనిమనుషులుగానే మిగిలారు, కొట్టినా తిట్టినా చెప్పుకోవడానికి ఎవరూ లేరు, ఏడాదికోసారి తనిఖీకొచ్చే మనిషి ముందు అదే ఇంట్లో కూర్చుని ఏం చెప్తారు? ఇక్కడ వాళ్లని హోమ్ చిల్డ్రన్ అంటారు. రకరకాల సంస్థలు కలిపి లక్ష మంది పైనే వచ్చారు. చాలామంది ఆ మాట పిల్లలకి, మనవలకి కూడా చెప్పకుండానే పోయారు, సిగ్గుపడి. ముసలితనంలో కూడా నోరు విప్పనివాళ్లే ఎక్కువ. 2010లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ పార్లమెంటులో నిలబడి ఇలా దేశాలు దాటించిన పిల్లలందరికీ క్షమాపణ చెప్పారు, 2017లో కెనడా పార్లమెంటు కూడా చెప్పింది. అప్పటికి వాళ్లలో ఎంతమంది మిగిలారని.


గోరింటాకు:

మేపుల్ ఆకు గారూ, మీ పోస్ట్ చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. రాత్రంతా ఒకటే ఆలోచన. ఒక విషయం మొదట్లో రాయలేదు, మర్చిపోయి కాదు, దానికి అర్థం ఉందని ఇన్నాళ్లూ తెలీక.

మామ్మ ఎప్పుడూ రెండు పువ్వులు తెచ్చేది. ఒక్కటి కాదు, మూడు కాదు, ఖచ్చితంగా రెండు. ఆవిడ పెరట్లో పూసే పసుపుపచ్చ డాఫోడిల్స్, చలికాలంలో అవి లేకపోతే ఇంకేవో. ముగ్గురు పిల్లలున్నారు కదా మూడోదానికి పెట్టవేం అని గొడవ చేశా ఒకసారి, నాకు మూడో పిల్లంటే పాపం అనిపించింది. మామ్మ నవ్వి "ఒకటి నాది, ఒకటి మా అక్కది" అంది. మీ అక్క ఎక్కడుంది అంటే "నీళ్లకి అవతల" అంది. అదే మాట, నీళ్లకి అవతల. మేం కూడా సముద్రం దాటే వచ్చాం కాబట్టి నాకు అందులో వింతేమీ కనపడలేదు, అయితే ఇండియాలో ఉందా అనడిగా. కాదు అని తల ఊపింది. ఉత్తరాలు రాస్తుందా అంటే మొదట్లో రాసేది అంది.

మామ్మకి 1993లో ఎనభై రెండు, పుట్టినరోజు కేకు మా ఇంట్లోనే కోశాం కాబట్టి బాగా గుర్తు. అంటే 1911. అక్క ఓ నాలుగైదేళ్లు పెద్దదనుకుంటే మొదటి యుద్ధం అయిపోయాక ఓడెక్కి ఉంటుంది కదా? ఆ వయసుకి సరిపోతుందా? నేను ఎక్కువ ఊహిస్తున్నానా?


మేపుల్ ఆకు:

సరిపోతుందండి. యుద్ధంలో ఓడలు ఆగిపోయాయి, అయిపోయాక 1920లో మళ్లీ మొదలయ్యాయి. ఇంకో నాలుగైదేళ్లకి పద్నాలుగు నిండని పిల్లల్ని తోడు లేకుండా పంపొద్దని కెనడా ఆపేసింది. కాబట్టి మీరు చెప్పేది జరగడానికి పూర్తిగా వీలుంది, కానీ ఆ అక్కే ఇలా వచ్చింది అని పేరు లేకుండా నేను చెప్పలేను. మీకు మామ్మగారి ఇంటిపేరు తెలిస్తే కెనడా జాతీయ ఆర్కైవ్స్‌లో హోమ్ చిల్డ్రన్ జాబితా ఆన్‌లైన్లోనే ఉంది, పేరు, వయసు, ఓడ పేరు, దిగిన తేదీ ఉంటాయి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఇక్కడ పబ్లిక్‌గా మాత్రం పెట్టకండి, వాళ్ల మనవలు ఎవరైనా ఉండొచ్చు, వాళ్లకి కూడా తెలియకపోవచ్చు. బర్నార్డోస్ వాళ్లు కూడా పాత పిల్లల రికార్డులు ఇస్తారు, కానీ ఆ మనిషికో దగ్గరి బంధువులకో ఇస్తారు, పక్కింటి వాళ్లకి ఇవ్వడం కష్టం.


గోరింటాకు:

పెళ్లికి ముందు ఇంటిపేరు నాకు తెలీదు. అమ్మ దగ్గర పాత ఉత్తరాలు ఒక కవర్లో ఉన్నాయట, వెతుకుతానంది.


నిప్పుకోడి:

ఇంత తెలిసాక ఇంకా ఆ విగ్రహం ఎందుకండీ అక్కడ? అక్కచెల్లెళ్లని విడగొట్టినవాడికి కంచు బొమ్మలెందుకు? తీసేయాలి కదా. నాకు నిజంగా అర్థం కావట్లేదు, ఆ మామ్మ పువ్వులు ఎలా పెట్టింది ఆయనకి?


సెంట్రల్‌లైన్ బాబాయ్:

ఆయనకి పెట్టలేదయ్యా. పోస్ట్ మళ్లీ చదువు. కూర్చున్న పిల్లల పాదాల దగ్గర పెట్టింది.


దారప్పోగు:

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి వెళ్లిపోతా. నిప్పుకోడి గారు అడిగినదానికి మాత్రం రాయాలనిపించింది. నేను ఆరు నుంచి పదిహేడేళ్ల దాకా ఒక హోమ్‌లో పెరిగాను, ఎక్కడో చెప్పను. ఆ హోమ్ పెట్టినాయన ఫోటో హాల్లో దండేసి ఉండేది. మాకు అన్నం దొరికింది, చదువు దొరికింది, నేనివాళ ఉద్యోగం చేస్తున్నానంటే అక్కడిదే. అక్కడే నన్ను మా తమ్ముడి నుంచి వేరుచేశారు, మగపిల్లల బ్లాక్ వేరే ఊళ్లో అని, వాడి మొహం మళ్లీ చూసింది ఎనిమిదేళ్లకి, గుర్తుపట్టలేదు. ఈ రెండూ నాలో పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఇంకోదాన్ని చెరిపేయదు. ఫోటోకి దణ్ణం పెట్టేదాన్ని, అదే ఫోటో ముందు తమ్ముడి కోసం ఏడ్చేదాన్ని. వేరే చోటు లేదు కదండీ ఏడవడానికి. మామ్మగారికి కూడా వాళ్లక్క గుర్తు అని చూపించుకోవడానికి ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క చోటేనేమో. అది తీసేస్తే పువ్వులు ఎక్కడ పెట్టుకుంటుంది.

ఆ గలీబుల మడత గురించి చదవగానే నాకు మాత్రం అర్థమైపోయింది గోరింటాకు గారూ, ఆవిడ హోమ్ పిల్ల అని. మేమూ అంతే. మూల తప్పితే విప్పేసి మళ్లీ.


నిప్పుకోడి:

క్షమించండి అక్కా. తొందరపడి అన్నాను.


పాతకాగితం:

దారప్పోగు గారూ, రాసినందుకు థాంక్స్. నేను పుస్తకాల్లోంచి చెప్పిందాని కంటే మీరు రాసిందే ఎక్కువ.

ఇంకొకటి, గోరింటాకు గారికి పనికొస్తుందేమో. సంస్థ ఇప్పుడు ఆ పాత పద్ధతిలో హోములు నడపట్లేదు, పిల్లల్ని కుటుంబాల దగ్గరే పెంచే ఏర్పాట్లు, దత్తత, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్లకి సాయం, ఇలా చేస్తోంది. పాత రికార్డులు చాలావరకు లివర్‌పూల్ యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మామ్మగారి తరపు బంధువులు ఎవరైనా దొరికితే ఆవిడ చేరిన రోజు ఫోటో కూడా దొరికే అవకాశం ఉంది.


గోరింటాకు:

అమ్మకి కవర్ దొరికింది. నాలుగు ఉత్తరాలు, ఒక క్రిస్మస్ కార్డు. పుట్టింటి పేరు ఎక్కడా లేదు. కానీ ఆఖరి ఉత్తరంలో, 1996 ఏప్రిల్‌ది, ఒక వాక్యం ఉంది. ఇన్నేళ్లలో అది ఇంట్లోనే ఉంది, ఎవరం పట్టించుకోలేదు. "మోకాలి నొప్పి వల్ల ఈ వసంతంలో పూలు తీసుకెళ్లలేకపోయాను, డాఫోడిల్స్ పెరట్లోనే వాడిపోయాయి" అని. ఆ తర్వాత ఉత్తరం లేదు.

బాబాయ్ గారూ, అడగడానికి మొహమాటంగా ఉంది. మీరు ఎప్పుడైనా అటు వెళ్తే ఒక్క ఫోటో తీసి పంపిస్తారా? పైనున్న ఆవిడది అక్కర్లేదు, కింద పిల్లలది చాలు.


సెంట్రల్‌లైన్ బాబాయ్:

మొహమాటం ఏంటమ్మా. నిన్న శనివారమే వెళ్లొచ్చాను, ఫోటోలు మెసేజ్‌లో పెట్టా చూడు.

వాన పడుతోంది, సన్నగా, గొడుగు వేయాలా వద్దా అనిపించేంత. మైదానంలో ఎవరూ లేరు, ఒకాయన కుక్కని తిప్పుతున్నాడు అంతే. పదేళ్లుగా ఆ పక్కనుంచి పోతున్నా, దగ్గరికెళ్లి నిలబడి చూసింది నిన్నే. తడిసిన కంచు దాదాపు నల్లగా ఉంది, నీళ్లు పిల్లల మోకాళ్ల మీద నుంచి కారి అంచు దగ్గర ఆగి ఒక్కొక్క చుక్క పడుతున్నాయి. చుట్టూ ఇళ్లు చూశా, మీ మామ్మగారిది ఏదో తెలీదు కాబట్టి ఒక్కో ఇంటి ముందూ కాసేపు నిలబడ్డా.

మా ఆవిడ వచ్చేదారిలో సూపర్‌మార్కెట్లో డాఫోడిల్స్ కట్ట కొనింది, ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. రెండు తీసి పెట్టా. తర్వాత నువ్వు చిన్నప్పుడు మూడో పిల్ల గురించి గొడవ చేశానన్నావు కదా, అది గుర్తొచ్చి మూడోది కూడా పెట్టొచ్చాను.